యూఏటీ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

ప్రశ్న: నమస్తే సార్. నేను ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థలో సీనియర్ అసిస్టెంట్‌ని. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్, 19 ఏళ్ల సర్వీసు. మా సెలవులు, ఇంక్రిమెంట్లు, పెన్షన్ ప్రతిపాదనలు అన్నీ ఆన్‌లైన్ చేసే పనిని టెండరు పిలిచి ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. కంపెనీ పిల్లలు ఇద్దరు నాలుగు నెలలుగా నా పక్కన కూర్చుని అన్నీ అడిగి రాసుకుంటున్నారు. మా సెక్షన్ వాళ్లేమో "అన్నీ చెప్పేస్తే రేపు మన సీట్లు ఎగిరిపోతాయి, తెలీదని చెప్పు" అంటున్నారు. ఇప్పుడు టెస్టింగ్ అయిపోయిందని యూఏటీ కాగితం మీద, అంటే సిస్టం వాడేవాళ్లం పరీక్షించి బాగుందని ఒప్పుకునే కాగితం మీద, సంతకం పెట్టమంటున్నారు. నేను చూసిన తప్పులే 11 ఉన్నాయి, జాబితా జత చేశాను. సూపరింటెండెంట్ గారు "పైనుంచి ప్రెషర్ ఉందమ్మా, పెట్టేయ్, తర్వాత సరిచేస్తార్లే" అంటున్నారు. ఇంకో బాధ కూడా ఉంది. ఔట్‌సోర్సింగ్‌లో డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా ఎనిమిదేళ్లుగా చేస్తున్న అబ్బాయిని కంపెనీ వచ్చాక తీసేస్తారట. నిజానికి సిస్టం పనంతా తెలిసింది అతనికే. నేను వీళ్లకి సహకరించాలా, వద్దా?

జవాబు: మేడం, ముందు అర్జెంటు విషయం చెప్పేస్తాను. సంతకం పెట్టకండి. అలాగని "నేను పెట్టను" అని మొండికేసి కూర్చోకండి, అది మీ మెడకే చుట్టుకుంటుంది, ప్రాజెక్టు ఆలస్యానికి కారణం ఫలానా సీనియర్ అసిస్టెంట్ సహకరించకపోవడమే అని రేపు ఎవరో ఒకరు మెమో ఇస్తారు. ఆ 11 తప్పుల్నీ కాగితం మీద పెట్టండి. ఒక్కోదానికి ఏ కేసు ఎక్కించి చూశారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఈ మూడూ రాసి, స్క్రీన్ ప్రింటు తీసి జత చేసి, నోట్ ఫైల్లో పుటప్ చేయండి, అంటే పై అధికారికి పంపండి. చివర్లో "ఇవి సరిచేశాక మళ్లీ పరీక్షించి సంతకం చేయగలను" అని ఒక్క వాక్యం. అంతే. మీరు కాదనలేదు, ఔననీ అనలేదు. సూపరింటెండెంట్ గారు నోటితో చెప్పిన "పెట్టేయ్ అమ్మా"ని అదే ఫైల్లో రాయమనండి, రాయరు చూడండి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే నేను పదేళ్లకు పైగా కంపెనీ వైపు కూర్చున్నవాణ్ని. తర్వాత కొన్నేళ్లు కన్సల్టెంటుగా ఆఫీసుల వైపు కూర్చున్నాను, రెండు వైపుల టీ తాగాను. కంపెనీకి యూఏటీ సంతకం అంటే డబ్బు. చాలా కాంట్రాక్టుల్లో ఆ కాగితం చేతికొస్తేనే తర్వాతి వాయిదా బిల్లు పెట్టుకోగలరు. సంతకం పడేదాకా తప్పు కంపెనీదే, ఉచితంగా సరిచేయాలి. సంతకం పడ్డాక అదే తప్పు పేరు మార్చుకుని "చేంజ్ రిక్వెస్ట్" అవుతుంది, దానికి వేరే ఎస్టిమేటు, వేరే మీటింగు, వేరే బిల్లు. "తర్వాత సరిచేస్తార్లే" అన్నది అబద్ధమేం కాదు. సరిచేస్తారు, డబ్బు తీసుకుని సరిచేస్తారు.

మీ జాబితాలో నాలుగో నంబరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. జీతం లేని సెలవు, అదే మనం ఈఓఎల్ అంటాం, ఎన్ని రోజులో కొట్టడానికి స్క్రీన్ మీద ఒక్క గడే ఇచ్చారన్నారు. మామూలుగా ఈఓఎల్ పెడితే ఆ మేరకు ఇంక్రిమెంటు తేదీ వెనక్కి జరుగుతుంది. అదే మెడికల్ సర్టిఫికెట్ మీద పెట్టినదైతే, తగిన అధికారి ఉత్తర్వు ఉంటే లెక్కలోకి తీసుకోవచ్చు. ఈ రెండింటికీ తేడా చెప్పే టిక్కు ఎక్కడా లేదు. అంటే క్యాన్సర్‌కి మందులు వాడుతూ ఐదు నెలలు సెలవు పెట్టిన మనిషికీ, సొంత పని మీద ఊరెళ్లి కూర్చున్న మనిషికీ సిస్టం ఒకే లెక్క వేస్తుంది. ఆ నష్టం రిటైరయ్యేదాకా జీతంలో, రిటైరయ్యాక పెన్షన్‌లో పాకుతూనే ఉంటుంది. ఇది ఆ పిల్లల తప్పని కూడా అనలేను. పాతికేళ్లు కూడా ఉండవు వాళ్లకి, సర్వీసు రిజిస్టర్ అనేదాన్ని పుట్టాక మొదటిసారి మీ బల్ల మీదే చూసి ఉంటారు. వాళ్లు తయారు చేసుకొచ్చే టెస్ట్ కేసుల్లో ఉద్యోగులంతా మహా బుద్ధిమంతులు. ఎవరూ సస్పెండ్ కారు, డిప్యుటేషన్ మీద వెళ్లి ఎల్‌పీసీ, అదే చివరి జీతం సర్టిఫికెట్, పోగొట్టుకోరు, ఎస్‌ఆర్‌లో పేజీలు చెదలు తినవు, చనిపోయినాయనకి ఇద్దరు భార్యలు తేలరు. ఆ వంకరలన్నీ తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కరే, అది మీరు.

ఇక మీ సెక్షన్ వాళ్ల భయం. నేను దాన్ని వెక్కిరించను. మనవాళ్లకి ఔట్‌సోర్సింగ్ అనే మాట చెవిన పడగానే గుర్తొచ్చేది ఏజెన్సీ ద్వారా వచ్చే మనుషులే, పర్మినెంటు పోస్టు ఖాళీ అయితే నింపకుండా ఆ కుర్చీలో తక్కువ జీతానికి ఇంకొకరిని కూర్చోబెట్టడమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏజెన్సీల గోల వదిలించడానికే 2020లో ఆప్కాస్ అని ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ నడపడం మొదలుపెట్టారు. కానీ మీ దగ్గర జరుగుతున్నది అది కాదు. అక్కడ మనుషుల్ని బయటినుంచి తెచ్చుకుంటారు, ఇక్కడ పనినే బయటికిస్తున్నారు. పని బయటికిచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న "మన సీటు ఉంటుందా" కాదు, "ఏ పని బయటికి, ఏ పని లోపల" అని.

పాస్‌పోర్టు సేవా కేంద్రానికి ఎప్పుడో ఒకసారి వెళ్లే ఉంటారు. విదేశాంగ శాఖ 2008లో ఆ ప్రాజెక్టు టీసీఎస్‌కి ఇచ్చింది, 2010 నుంచి కేంద్రాలు తెరిచారు. లోపలికెళ్తే టోకెన్ ఇచ్చి ఏ, బీ, సీ అని మూడు కౌంటర్లు తిప్పుతారు. ఏలో కంపెనీ అమ్మాయి కాగితాలు స్కాన్ చేసి, ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకుంటుంది. బీలో కాగితాలు సరిచూసేది ప్రభుత్వ ఉద్యోగి. సీలో పాస్‌పోర్టు ఇవ్వొచ్చా లేదా తేల్చేది ప్రభుత్వ అధికారి. స్కానింగ్ బయటికి పోయింది, నిర్ణయం లోపలే ఉంది. మీ సంస్థలో ఆ గీత ఎక్కడ గీశారో మీ సెక్షన్‌లో ఒక్కరైనా అడిగారా? వచ్చే రివ్యూ మీటింగులో అడగండి. ఇంక్రిమెంటు లెక్కని "సరిగ్గా ఉంది" అని ఖరారు చేసే బటన్ ఎవరి లాగిన్‌లో ఉంటుంది, మీ లాగిన్‌లోనా, కంపెనీ హెల్ప్‌డెస్క్ లాగిన్‌లోనా? తప్పుగా ఎక్కిన పుట్టినతేదీని వెనకనుంచి డేటాబేస్‌లో మార్చాల్సి వస్తే ఎవరి ఉత్తర్వు కావాలి? సీట్ల సంగతి అక్కడ తేలుతుంది. మీరు చెప్పారా చెప్పలేదా అన్నదాన్ని బట్టి కాదు.

సీట్లు నిజంగా తీసేసిన చోట ఏమైందో కూడా చెప్తాను. కెనడా ఫెడరల్ ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాలకి ఫీనిక్స్ అని కొత్త సిస్టం పెట్టింది, ఐబీఎంతో కట్టించింది. ఏడాదికి 7 కోట్ల డాలర్లు ఆదా అని లెక్క. ఆ ఆదా ఎక్కడినుంచి రావాలి? జీతాలు చూసే మనుషుల దగ్గర్నుంచే. రకరకాల డిపార్టుమెంట్లలో ఉన్న 1,200 మంది పే అడ్వైజర్ల పోస్టులు ఎత్తేసి, మిరామిచీ అనే చిన్న ఊళ్లో కేంద్రం పెట్టి 550 మందిని కూర్చోబెట్టారు, వాళ్లలో చాలామంది కొత్తవాళ్లు. ఖర్చు తగ్గించడానికి ముందుగా ఒక డిపార్టుమెంటులో పైలట్ చేసి చూద్దామన్నది రద్దు చేశారు, పాత తేదీనుంచి రావాల్సిన అరియర్స్ లెక్కించే సదుపాయాన్ని కూడా మొదట పక్కనపెట్టారు. ఇదంతా చేసి 2016 ఫిబ్రవరిలో స్విచ్ వేశారు. కొందరికి జీతమే రాలేదు, కొందరికి తక్కువొచ్చింది, కొందరికి ఎక్కువొచ్చి మళ్లీ వెనక్కి కట్టమన్నారు. ఆ చిక్కులు ఏళ్ల తరబడి విప్పుతూనే ఉన్నారు. అక్కడి ఆడిటర్ జనరల్ 2018లో దాన్ని అంతుపట్టని వైఫల్యం అన్నాడు. నాకైతే అంతుపట్టకపోవడానికేమీ కనపడదు. ఎవరికి ఏ అలవెన్సు ఎందుకొస్తోందో తెలిసినవాళ్లని ముందు ఇంటికి పంపేసి, తర్వాత మెషిన్‌ని అడిగారు.

మన దగ్గరి కథ కూడా ఒకటుంది. తెలంగాణలో 2020 సెప్టెంబరులో వీఆర్‌ఓ, అంటే గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది, అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలైంది. వీఆర్‌ఓల మీద లంచాల ఆరోపణలు ఊరూరా ఉన్న మాట నిజమే, నేను కాదనను. కానీ ఫలానా సర్వే నంబరు ఎవరి అనుభవంలో ఉందో, నిషేధిత జాబితాలో ఎలా చేరిందో ఊళ్లో తిరిగి చెప్పే మనిషి ఆ గొలుసులోంచి పోయాడు. స్క్రీన్ మీద పేరు తప్పు పడిన రైతు మీసేవలో టీఎం-33 అనే తప్పుల సవరణ దరఖాస్తు పెట్టి కలెక్టరేట్ వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి 2024 డిసెంబరులో పోర్టల్ నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీకి మారింది, 2025లో ధరణి జాగాలో భూభారతి వచ్చింది, గ్రామ పాలన అధికారుల పేరుతో ఊళ్లోకి మళ్లీ మనుషులొచ్చారు.

కాబట్టి మీవాళ్లు భయపడటం సరే, భయపడి చేస్తున్న పని సరికాదు. "తెలీదు" అంటే ఏమవుతుందో నా కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట మా టీం ఒక ఆఫీసుకి బిల్లుల సాఫ్ట్‌వేర్ చేసింది. అక్కడ ఒక పెద్దాయన, ఇంకో ఏడాదిన్నరలో రిటైర్మెంటు, ఆయన సొరుగులో గోధుమ రంగు అట్ట బౌండు పుస్తకం ఉండేది. ఏ బిల్లుకి ఏ హెడ్, ఏ పాత ఉత్తర్వు కింద ఏ మినహాయింపు, అన్నీ అందులో చేత్తో రాసుకున్నాడు. మేం ఏం అడిగినా "తెలీదు బాబూ, రూల్సు పుస్తకం చూసుకోండి" అనేవాడు. మేం రూల్సు పుస్తకమే చూసుకున్నాం. ఒకటో తారీఖున లైవ్ చేశాం, మూడో తారీఖుకి బిల్లులు కుప్పపడ్డాయి. అప్పుడు ఆయన్నే పిలిచారు. ఆ పుస్తకం ముందేసుకుని మూడు వారాలు రాత్రి పదింటిదాకా కూర్చుని చేత్తో ఒక్కొక్కటే క్లియర్ చేశాడు, ఓవర్‌టైమూ లేదు, మెచ్చుకోలూ లేదు. మేం అవే మినహాయింపుల్ని చేంజ్ రిక్వెస్టులుగా రాసి బిల్లు పెట్టుకున్నాం. సిగ్గుగానే చెప్తున్నా, ఆ క్వార్టర్ మా మేనేజరు మాకు బిర్యానీ పార్టీ ఇచ్చాడు. ఆ పెద్దాయన దాచుకున్న విద్య వల్ల బాగుపడింది మేమే.

అయితే నోటితో చెప్పేసి ఊరుకోవడం కూడా వద్దు. కంపెనీ పిల్లలు ఉండరు. మీ దగ్గర నాలుగు నెలలు కూర్చుని నేర్చుకున్నవాడు ఆరో నెలలో ఆఫర్ లెటర్ చూపించి వెళ్లిపోతాడు, కొత్తవాడొచ్చి "మేడం, ఎక్సెప్షన్స్ ఏమైనా ఉన్నాయా" అని మొదటినుంచి మొదలెడతాడు. చెప్పేది రాసి చెప్పండి. మామూలు తెలుగులోనే, కేసు తర్వాత కేసు, "ఇలాంటిది వస్తే ఇలా చేస్తాం, ఈ ఉత్తర్వు ప్రకారం" అని. ఒక కాపీ వాళ్లకి, ఒకటి ఫైల్లో, కింద మీ పేరు, తేదీ. అప్పుడది గాల్లో మాట కాదు, రికార్డు. రేపు కాంట్రాక్టు అయిపోయి ఇంకో కంపెనీ వచ్చినా ఆ కాగితం సంస్థ దగ్గరే ఉంటుంది, దాన్ని రాసిన మనిషి ఎవరో కూడా అందరికీ తెలుస్తుంది. సీటు నిలబెట్టే దారి నాకు తెలిసినంతవరకు ఇదొక్కటే.

లైవ్ అయ్యాక ఉద్యోగులు చేసే తప్పు ఇంకోటుంది, మీ సెక్షన్ అందరికీ చెప్పండి. సిస్టం ఆగిపోతే మనవాళ్లు ఏం చేస్తారు? తెలిసిన కుర్రాడికి ఫోన్ చేస్తారు, "బాబూ, అది రావట్లేదు చూడు" అని. వాడు చూస్తాడు, మూడు గంటలకో మూడు రోజులకో బాగవుతుంది, మనం థాంక్స్ చెప్తాం. కాంట్రాక్టులో మాత్రం ఎస్‌ఎల్‌ఏ అని ఉంటుంది, ఇన్ని గంటల్లో సరిచేయకపోతే బిల్లులో ఇంత కోత అని. ఆ గడియారం టికెట్ పెడితేనే, అంటే హెల్ప్‌డెస్క్‌లో ఫిర్యాదు నమోదు చేస్తేనే, తిరగడం మొదలవుతుంది. ఫోన్ చేసి చెప్పిన తప్పు రికార్డులో పుట్టనే లేదు. క్వార్టర్ చివర్లో కంపెనీ రిపోర్టులో "ఫిర్యాదులు రెండు, రెండూ గడువులోపలే పరిష్కారం" అని వస్తుంది, అధికారులు పూర్తి బిల్లు పాస్ చేస్తారు, మీరేమో కాఫీ దగ్గర ఆ కంపెనీని తిట్టుకుంటూ ఉంటారు. టికెట్ పెట్టడం బద్ధకమనిపిస్తుంది, మొహమాటం కూడా. కానీ పెట్టండి, ప్రతి చిన్నదానికీ.

మీ ఉత్తరంలో రాయలేదు గానీ ఒకటి ఊహించి అడుగుతున్నాను. మీ సూపరింటెండెంట్ గారి డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్, కంప్యూటర్‌కి గుచ్చి సంతకం పెట్టే ఆ చిన్న పరికరం, ఎక్కడుంటుంది? ఆ ఆపరేటర్ అబ్బాయి సొరుగులో, పిన్ నంబరు స్టిక్కీ నోటు మీద రాసి మానిటర్‌కి అంటించి, అవునా? నేను చూసిన ఆఫీసుల్లో సగం ఇంతే. సార్‌కి ఓపిక ఉండదు, అబ్బాయి నమ్మకస్తుడు, పని త్వరగా అవుతుంది. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం ఆ డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఉంది. పని కంపెనీకిచ్చినా, టైపింగ్ ఆపరేటర్‌కిచ్చినా, ఎంక్వైరీ వస్తే పిలిచేది డాంగిల్ ఎవరి పేరున ఉందో వాళ్లనే, పైగా ఏ తప్పూ చేయని ఆ అబ్బాయి కూడా ఇరుక్కుంటాడు. కొత్త సిస్టంలో మీకో లాగిన్ వస్తుంది. దాని పాస్‌వర్డు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. సెలవులో ఉన్నా, పెళ్లిలో ఉన్నా, ఎవరు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా ఇవ్వకండి. రెండు వారాలు అందరూ మిమ్మల్ని విసుక్కుంటారు, తర్వాత అలవాటు పడతారు.

ఆ అబ్బాయి సంగతి. ఇక్కడ మీకు తీపి మాటలు చెప్పలేను. అతని ఉద్యోగం ఏజెన్సీ కాగితం మీద ఉంది, మీ సంస్థ కాగితం మీద లేదు. కాంట్రాక్టు పొడిగించకపోతే ఎనిమిదేళ్ల అనుభవాన్ని ఎవరూ అడగరు, అన్యాయమే. మీ చేతిలో ఉన్నవి కొన్ని చేయండి. యూఏటీ టెస్టింగ్‌లో అతను మీతో కూర్చున్నాడని ఫైల్లో పేరుతో రాయండి. మీ అధికారి దగ్గర, అతను ఏయే మాడ్యూళ్ల మీద పనిచేశాడో వివరంగా ఉన్న అనుభవ పత్రం ఇప్పుడే తీయించండి, అధికారి బదిలీ అయ్యాక ఎవరూ ఇవ్వరు. ఇలాంటి ప్రాజెక్టుల్లో కంపెనీలకి లైవ్ తర్వాత హెల్ప్‌డెస్క్‌లో మనుషులు కావాలి, ఉద్యోగుల భాష తెలిసినవాడు దొరికితే ఎగిరి తీసుకుంటారు. ప్రాజెక్టు మేనేజరుతో మీరే ఒక మాట అనండి. అతనితో కూడా చెప్పండి, తెలిసిందంతా ఊరికే చెప్పేయకుండా, ఆ ఉద్యోగం మాటెత్తి చెప్పమని. నేనైతే అలాగే చేస్తాను.

పోస్టాఫీసు సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను. తపాలా శాఖ 2013లో దేశమంతటి పోస్టాఫీసుల సిస్టం పనిని సుమారు 1,100 కోట్ల రూపాయలకి టీసీఎస్‌కి ఇచ్చింది. 2025 ఆగస్టుకల్లా ఆ జాగాలో ఏపీటీ అనే కొత్త సాఫ్ట్‌వేర్ దేశమంతా వచ్చేసింది. రాసింది ఎవరనుకున్నారు? మైసూరులో ఉన్న శాఖ సొంత కేంద్రం సెప్ట్, అందులో కూర్చున్నది తపాలా ఉద్యోగులే. కౌంటర్ దగ్గర రిజిస్టర్ పోస్టు తూకం వేసిన మనుషులు ప్రోగ్రాములు నేర్చుకున్నారు. మొదటి రోజుల్లో సర్వర్లు మొరాయించాయి, కౌంటర్ల దగ్గర జనం తిట్టుకున్నారు కూడా, అదేదో స్వర్గమని నేననను. అందరూ ప్రోగ్రాములు రాయక్కర్లేదు. మీ 11 తప్పుల జాబితా నేను కంపెనీ వైపు ఉండగా చూసిన చాలా టెస్ట్ రిపోర్టులకన్నా నయంగా ఉంది, ఇది మర్యాదకి అంటున్న మాట కాదు.

సోమవారం ఫైలు పుటప్ చేసేముందు వరస ఒక్కటి మార్చండి. ఆ ఈఓఎల్ గడి నాలుగో నంబరులో ఉంది, దాన్ని ఒకటో నంబరుకి తెచ్చి, కింద ఒక నిజమైన కేసు వివరం పేరు లేకుండా రాయండి. అధికారులు రెండో పేజీ తిప్పరు.